గిర్నికి కట్టిన తొమ్మిది కిలోలు

దసరా పొద్దున గిర్నిలో ఉన్నవాళ్లు: బాపు, అక్క, నేను. గోడకు అవతలి గదిలో, మంచం మీద, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ. ఉన్నవి: పిండి గిర్ని ఒకటి, మోటారు, బెల్టు, రెండు పుల్లీలు, ఎలక్ట్రానిక్ కాంటా, బంతిపూల దండలు ఐదు, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, రెండు కొబ్బరికాయలు, గిర్ని పక్క నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప పట్టీ, దాని చివర బిగించిన తొమ్మిది కిలోల తూకం రాళ్లు, ఆ రాళ్ల మీద ఎర్రగుడ్డలో చుట్టి తీగతో కట్టిన బూడిద గుమ్మడికాయ. కాయ బరువు నాలుగున్నర కిలోలు. ఎందుకో తెలియకుండానే, బాపు చేతికి ఇచ్చేముందు దాన్ని కాంటా మీద పెట్టి చూసింది నేనే.

ఈ జాబితాలో చివరి వస్తువు దగ్గరికి రావాలంటే ముందు గోడ గురించి చెప్పాలి.

చేవెళ్లలో మా ఇల్లు మూడు గదుల వరుస. వీధివైపు గిర్ని, దాని వెనుక అవ్వ గది, ఆ వెనుక వంటగది. మూడింటికీ ఒకటే బండల నేల. గిర్నికీ అవ్వ గదికీ నడుమ ఒకే గోడ. దానికి ఇటువైపు బాపు కుర్చీ, అటువైపు అవ్వ మంచం. ఆ మంచం మీద పగటిపూట అవ్వ పడుకోగా నేను చూసింది లేదు. వచ్చినవాళ్ల డబ్బాలు అందుకోవడం, గింజల్లో మట్టిపెళ్లలు ఏరడం, ఎవరి పిండి ఎంత సన్నగా పడాలో గుర్తుపెట్టుకోవడం ఆమె పనులు. స్విచ్ వేయడం, స్విచ్ తీయడం బాపు పనులు. ఈ పంపకం గురించి ఊరంతా బాపును ఆటపట్టించేది.

ఎండాకాలంలో ఒక పొద్దున ఆమెకు పక్షవాతం వచ్చింది. పోయినవి: కుడి చెయ్యి, కుడి కాలు, మాట. మిగిలినవి: ఎడమ చెయ్యి, వినికిడి, జ్ఞాపకం, కోపం.

దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక గిర్ని మళ్లీ నడిచిన మొదటి రోజే సంగతి తెలిసింది. గిర్ని తిరుగుతున్నంతసేపు నేల వణికేది, మంచం వణికేది. మామూలు మనిషి పట్టించుకోని వణుకే అది. ఇరవై ఏళ్లుగా దాంట్లోనే తిన్నాము, చదువుకున్నాము. కానీ అవ్వకు ఇప్పుడు తల తిరిగేది. తిన్నది వాంతయ్యేది. నిద్ర బాగా ఉండాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మంచాన్ని వంటగదిలోకి మార్చి చూశాము. అక్కడ బండల కింద మట్టి కుంగి గుల్లయింది, వణుకు ఇంకా ఎక్కువ. మళ్లీ గోడ దగ్గరికే తెచ్చాము.

అక్క మొయినాబాద్‌లో ఉంటుంది. కొత్త లేఅవుట్‌లో ఇల్లు, చుట్టూ ఇంకా కట్టని ప్లాట్లు. ఆమె ఆ వారమే వచ్చి మంచం అంచున కూర్చుంది.

"మా ఇంటికి పోదాం అవ్వా. ఆడ సప్పుడే ఉండది. హాయిగ పండుకోవచ్చు."

అవ్వ ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుంది. అక్క ఆ వేళ్లు విప్పబోతే గట్టిగా గిచ్చింది.

"సూడు తమ్మీ, గిచ్చుతున్నది! బలం మంచిగనే ఉన్నది దీనికి," అని అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అవ్వ ఎందుకు పోనంటుందో మాకు తెలుసు. చప్పుడు లేని చోటు ఆమెకు వద్దు. గోడ అవతల ఎవరు వచ్చారో, ఎవరి కోడలు అలిగి పోయిందో, మోకిల దిక్కు ఎవరి పొలం ప్లాట్లయిందో అన్నీ ఆమెకు వినిపిస్తాయి. గిర్ని చప్పుడును బట్టి జొన్నలా, గోధుమలా, మిరపకాయలా అని చెప్పగలదు. ఆమెకు గిర్ని చప్పుడు కావాలి, వణుకు వద్దు. నాకు అప్పగించబడిన సమస్య ఇంతే. ఎవరూ అప్పగించలేదు నిజానికి. నేనే తీసుకున్నాను.

ఆమె మాట పోయింది కాబట్టి మొదట రెండు ఏర్పాట్లు చేశాను.

మొదటిది గోడ. ఎడమ చేతికి అందేలా కాలింగ్ బెల్ బిగించాను కానీ గిర్ని మోతలో అది బాపుకు వినిపించలేదు. దాంతో అవ్వ తనే దారి కనుక్కుంది. స్టీలు గ్లాసుతో గోడను కొట్టేది. అవతల బాపు గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు కదా, దెబ్బ చెవికి వినపడకపోయినా వీపుకు తెలిసేది. ఒక దెబ్బ అంటే నీళ్లు. రెండు అంటే బాత్‌రూమ్. మూడు అంటే గిర్ని ఆపు. నాలుగు మేము పెట్టింది కాదు, ఆమె పెట్టుకుంది. జొన్నల తర్వాత గిర్ని లోపలి రాళ్లు తుడవకుండా గోధుమలు పోసినప్పుడల్లా నాలుగు దెబ్బలు పడేవి.

"నాలుగు గొట్టింది," అని బాపు కుర్చీలోంచి లేచేవాడు. "నేనేం తప్పుజేసిన్నో జర సూడున్రి."

రెండోది వేళ్లు. వణుకు ఎంత ఉందో నాకు అంకెల్లో కావాలి. ఫోన్‌లో కొలిచే యాప్ ఉంది, కానీ మంచం ఎంత వణికిందో అది చెబుతుంది, మనిషికి ఎంత కష్టమయిందో చెప్పదు. అందుకని అవ్వతో ఒప్పందం చేసుకున్నాను. పిడికిలి అంటే ఏమీ లేదు. ఒక వేలు అంటే తెలుస్తోంది గానీ పర్వాలేదు. నాలుగు అంటే చాలా కష్టం. ఐదు అంటే ఇక్కడ ఇక ఉండలేను. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే అడిగి నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. మొదటి నెల అన్నీ నాలుగులే. పాత టైరు ముక్కలు కోసి మంచం కోళ్ల కింద పెట్టిన రోజు వణుకు తగ్గలేదు సరికదా పెరిగింది. ఆ రోజు అవ్వ నాలుగు వేళ్లు ఎత్తి, బొటనవేలు సగం వంచి చూపింది. నాలుగున్నర. సగం నోటితో నవ్వింది కూడా. టైరు ముక్కలు తీసేశాను.

ఐదు ఒక్కసారి కూడా చూపలేదు.

"అబద్ధం జెప్తున్నదిరా," అనేది అక్క. "ఐదంటే మొయినాబాద్ తీస్కపోతమని దానికి ఎరుకే."

అది నిజమే కావచ్చు. అయినా నాలుగునే రాసుకున్నాను. దసరా దాకా చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే తీసుకుపోతానని అక్క గడువు పెట్టింది.

నేను మొయినాబాద్ దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వైబ్రేషన్స్ ల్యాబ్ చూసుకుంటాను. మెకానికల్ చదివాను. నా పని విద్యార్థులతో ప్రయోగాలు చేయించడం. ఎక్కువగా చేయించేది ఒకటే: రెండు బరువులు, రెండు స్ప్రింగులు. ఒక బరువుకు ఒక స్ప్రింగు ఉంటే అది తనంత తాను ఊగే వేగం ఒకటే. బయటి నుంచి సరిగ్గా ఆ వేగంతో కదిలిస్తే విపరీతంగా ఊగుతుంది. ఇంకో బరువును ఇంకో స్ప్రింగుతో దానికి తగిలిస్తే, దీని వేగం దీనిది, దాని వేగం దానిది అని విద్యార్థులు రాస్తారు. ఏటా రాస్తారు. ఏటా ఎర్రపెన్నుతో కొట్టేస్తాను. తగిలించిన క్షణం నుంచి విడివిడి వేగాలు ఉండవు. జతకు రెండు కొత్త వేగాలు వస్తాయి, అవి ఏ ఒక్కదానివీ కావు. రెండిటినీ కలిపే లెక్క వేయాలి. ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించకూడదు. ఈ వాక్యం బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు.

గిర్నిని అలాగే చూశాను. గిర్ని ఒక బరువు, దాని కింద ఉన్న కర్రదుంగలు స్ప్రింగు. ఒక ఆదివారం మోటారు ఆపి, చెక్క సుత్తితో పక్క నుంచి కొట్టి, ల్యాబ్ నుంచి అడిగి తెచ్చిన సెన్సారుతో కొలిచాను. గిర్ని బరువు 180 కిలోలు. తనంత తాను సెకనుకు 11.2 సార్లు ఊగుతుంది. పని చేసేటప్పుడు దాని చక్రం సెకనుకు 12 సార్లు తిరుగుతుంది. ఆ రెండు అంకెలు దగ్గర దగ్గరగా ఉండడమే ఇరవై ఏళ్ల వణుకు.

దీనికి మందు పాతదే, మా పుస్తకాల్లో ఉంది. గిర్నికి పక్కన ఒక ఇనుప పట్టీ బిగించి, దాని చివర చిన్న బరువు పెట్టాలి. ఆ బరువు విడిగా సెకనుకు సరిగ్గా 12 సార్లు ఊగేలా పట్టీ పొడవు సర్దాలి. అప్పుడు గిర్ని నడుస్తుంటే చిన్న బరువు ఊగుతుంది, పెద్ద గిర్ని నిలబడిపోతుంది. లెక్క ప్రకారం నాకు తొమ్మిది కిలోలు కావాలి. ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాక మూలన పడేసిన పాత తూకం రాళ్లు ఉన్నాయి. ఐదు కిలోలది ఒకటి, రెండు కిలోలవి రెండు. బస్టాండు పక్క వెల్డింగ్ షాపులో వాటిని రెండు పలకల నడుమ బోల్టులతో బిగించి ఇచ్చారు.

దాన్ని మొదటిసారి నడిపిన పొద్దున గిర్నిలో నలుగురైదుగురు ఉన్నారు. బాపు స్విచ్ వేశాడు. గిర్ని వేగం అందుకుంటున్నప్పుడు ఒకసారి గట్టిగా అదిరింది, తర్వాత నిలబడింది. పక్కన తూకం రాళ్లు మాత్రం సన్నగా, ఆగకుండా, కంటికి మసకగా కనిపించేంత వేగంగా ఊగుతున్నాయి. గిర్ని మీద పెట్టిన నీళ్ల గ్లాసులో ముడత కూడా లేదు.

జొన్నలు తెచ్చిన ముసలామె డబ్బా పట్టుకుని ముందుకు వంగింది. "గిదేందయ్యా, సల్లవడ్డది? పిండి వడుతున్నదా లేదా?"

"పడుతున్నదవ్వా. మా ఇంజనీరు మందు వెట్టిండు," అన్నాడు బాపు.

"పట్నంల ఇంజనీరు సదివి గిర్నికి రాయి గట్టిండా!"

"నా స్కూటర్‌కు గూడ ఒకటి గట్టు తమ్మీ," అన్నాడు వెనకాల ఉన్న మనిషి. "ఎన్క మా ఇంటామె ఊగకుంట కూసుంటది."

"నీకే గట్టాలె, తాగొచ్చి ఊగుతవు," అంది ముసలామె.

నవ్వులు గోడ అవతలికి వినిపించి ఉంటాయి. నాలుగు దెబ్బలు పడ్డాయి. కబుర్లలో పడి బాపు పిండి సంచి మార్చడం మరిచిపోయాడు.

ఆ సాయంత్రం అవ్వ ఒక వేలు చూపింది. మర్నాడూ ఒకటే. అలా పదిహేడు రోజులు ఒకటే. ఆమె పగలు నిద్రపోయింది. అన్నం నిలిచింది. అక్క వచ్చి, స్విచ్ వేయించి, మంచం మీద తనే పడుకుని చూసి, "సరే తీ, ఈడనే ఉండనియ్యి," అంది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని గిచ్చింది. ఈసారి మెల్లగా.

బాపుకు నేను ఎలా చెప్పానో ఇక్కడ రాయాలి. "ఆ బరువు ఊగుతుందని ఫికర్ చెయ్యకు బాపు. అది ఊగితేనే గిర్ని నిలవడుతది. ఎంత ఊగితే అంత మంచిది." ఈ మూడు వాక్యాల్లో రెండు నిజం.

దసరాకు అందరూ పనిముట్లకు పూజ చేస్తారు. మేము గిర్నికి, మోటారుకు, కాంటాకు చేస్తాము. ప్రతి ఏడూ గుమ్మడికాయ వాకిలికి వేలాడదీస్తాము. ఈసారి బాపు దాన్ని వాకిలికి కట్టలేదు. పదిహేడు రోజులుగా వచ్చినవాళ్లంతా ఆ ఊగే రాళ్లనే నోళ్లు తెరుచుకుని చూశారు, పిండి పట్టించడానికి కాదు, చూడడానికే పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. దిష్టి తగిలితే దానికే తగలాలి. అందుకని గుమ్మడికాయను ఎర్రగుడ్డలో చుట్టి, ఊగినప్పుడు జారిపోకుండా, తూకం రాళ్ల మీదే తీగతో నాలుగు వరసలు బిగించాడు. చాలా బాగా బిగించాడు.

నేను దండలు తేవడానికి బయటికి పోయి వచ్చేసరికి పని అయిపోయింది.

"బాపు, అది ఆడ కట్టద్దు. బరువు మారితే పని చెయ్యదు."

"మూడొద్దులే కదరా. పూజల కట్టింది మూడొద్దులు తియ్యద్దు. మీ అవ్వను నిలవెట్టింది గదే. దానికి ఇంత పసుపు కుంకుమ లేకుంటె ఎట్ల?"

అక్క నావైపు చూసి తల అడ్డంగా ఊపింది, వదిలేయమని. ఎండాకాలం తర్వాత బాపు కొత్త అంగీ వేసుకున్నది ఆ రోజే. నేను మాట్లాడలేదు. పందొమ్మిది నంబరు పానా, కటింగ్ ప్లేయరు, పది నిమిషాలు. విప్పడానికి ఇవి ఉంటే చాలు.

మాట్లాడకపోవడానికి ఇంకో కారణం ఉంది. అక్కడే నిలబడి నోటిలెక్క వేశాను. తొమ్మిదికి నాలుగున్నర కలిస్తే పదమూడున్నర. అంత బరువుతో ఆ పట్టీ సెకనుకు 12 సార్లు ఊగదు, 9.8 సార్లు ఊగుతుంది. అంటే గిర్ని వేగానికి దూరం జరుగుతుంది. అంటే నా మందు పనిచేయదు. గిర్ని పాత గిర్ని అవుతుంది, వణుకు పాత వణుకు అవుతుంది. దసరా రోజు గిర్ని ఎలాగూ బంద్. మిగిలింది రెండు రోజులు. నాలుగు వేళ్ల వణుకును అవ్వ నెలలపాటు భరించింది, రెండు రోజులు భరిస్తుంది. మూడో రోజు విప్పుదాం.

ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించాను.

మర్నాడు కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందని ల్యాబ్ వాళ్లను సెలవుల్లోనే రమ్మన్నారు. గిర్ని తెరవకముందే బస్సెక్కాను. పదకొండు గంటలకు కమిటీలో ఒక పెద్దాయన రెండు బరువుల ప్రయోగం దగ్గర ఆగాడు. చిన్న బరువు మీద వేలు పెట్టి అడిగాడు: "దీని బరువు పెంచితే ఏమవుతుంది?"

"జత వేగాలు రెండూ కిందికి జరుగుతాయి సార్," అన్నాను.

"గుడ్," అని ముందుకు పోయాడు.

సరైన జవాబు. నేను చెప్పింది నాకు వినపడలేదు.

అక్కడ చేవెళ్లలో జరిగినవి నేను తర్వాత బాపును, జొన్నల ముసలామెను అడిగి వరుసలో పెట్టుకున్నవి. పండుగ మర్నాడు కాబట్టి జనం ఎక్కువ. బాపు స్విచ్ వేశాడు. గిర్ని వేగం అందుకున్నాక అదరడం తగ్గలేదు, పెరిగింది. గుమ్మడికాయ కంటికి కనపడనంత వేగంగా ఊగింది. ఎంత ఊగితే అంత మంచిదని నేను చెప్పి ఉన్నాను. దిష్టి దిగుతుందని ఒకరు అన్నారు. బెల్టు వదులయి ఉంటుందని బాపు అనుకున్నాడు. డబ్బాల వరుస వాకిలి దాకా ఉంది. ఇది పట్టేసి ఆపుదాం, ఇది పట్టేసి ఆపుదాం అనుకుంటూ కుర్చీలో గోడకు ఆనుకునే కూర్చున్నాడు.

అవతల అవ్వ గోడను కొట్టింది. ఎన్నిసార్లు కొట్టిందో తెలియదు. మంచం పక్కన గోడ మీద గ్లాసు అంచు గుర్తులు కొత్తవి, సున్నం రాలినవి, లెక్కపెట్టాను: ఇరవై మూడు.

"గోడంత ఊగుతుంటె," అన్నాడు బాపు తర్వాత, దవాఖాన వరండాలో, "ఏ దెబ్బ ఆమెదో, ఏ దెబ్బ గిర్నిదో నా ఈపుకు ఎట్ల దెలుస్తదిరా?"

గ్లాసు చేతిలోంచి జారి కింద పడింది. దాని కోసం వంగింది. మంచం మీంచి పడింది, ఎడమ చేతి మీద. గిర్ని ఆగాక గానీ బాపు లోపలికి పోలేదు. ఎడమ మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఆ సాయంత్రం ఎక్స్‌రే కవరు వెనుక లెక్క మళ్లీ వేశాను, ఈసారి రెండిటినీ కలిపి. గుమ్మడికాయ కట్టక ముందు జత వేగాలు 10.3, 13.1. గిర్ని నడిచే 12 ఆ రెండిటికీ నడుమ, రెండిటికీ దూరంగా, ఖాళీ చోట ఉంది. పదిహేడు రోజుల నిద్ర ఆ ఖాళీయే. కాయ కట్టాక రెండూ కిందికి జరిగాయి. మొదటిది 9.1కి పోయింది. రెండోది 13.1 నుంచి దిగి 12.1 దగ్గర ఆగింది. గిర్ని వేగం పక్కకు. పాత గిర్ని కంటే కనీసం నాలుగు రెట్లు ఎక్కువ వణుకు. కాయ మూడు కిలోలదయితే ఇంత కాకపోను. ఏడు కిలోలదయినా ఇలాగే ఉండేది, ఎలాగో నాకు తెలుసు, అన్ని బరువులకూ వేసి చూశాను. వేయడానికి పట్టింది నాలుగు నిమిషాలు. దసరా పొద్దున నాకు రోజంతా ఉంది.

బాపుకు చెప్పాలి కాబట్టి చెప్పాను. కాయది కాదు బాపు, కాయ కట్టనిచ్చిన నా లెక్కది తప్పు అని. ఆయన కవరు తీసుకుని అటువైపు తిప్పాడు. ఎముకల బొమ్మ ఉన్నవైపు చూశాడు.

"పసుపు కుంకుమ వెడితె తప్పయితదా?" అని అడిగాడు.

రెండు రోజుల తర్వాత అక్క కారు తెచ్చింది. అవ్వకు ఒక చెయ్యి, ఒక కాలు ముందే పోయాయి, మిగిలిన చెయ్యి పిండికట్టులో ఉంది. మంచం పట్టె పట్టుకోవడానికి ఏమీ లేదు. గిచ్చడానికి లేదు. ఎత్తుతున్నప్పుడు కళ్లు మాత్రం గోడ మీదే పెట్టింది. బాపు కారు దాకా రాలేదు. గిర్నిలో నిలబడి తీగ కత్తిరిస్తున్నాడు.

నేను ఆయనకు చెప్పి చూశాను. కాయ తీసేస్తే మళ్లీ మునుపటిలాగే నిలబడుతుంది, కట్టు విప్పాక అవ్వను తీసుకొద్దాం, కొలిచి చూపిస్తాను అని.

"ఇగ చాలురా బిడ్డా, నీ లెక్కలు," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఆయన పట్టీ విప్పి, తూకం రాళ్లను పలకల్లోంచి తీసి, ఐదు కిలోలది, రెండు కిలోలవి రెండు, మునుపటి మూలలోనే పెట్టాడు. గిర్ని ఇప్పుడు పాత గిర్ని. గోడకు అవతల ఎవరూ లేరు కాబట్టి ఎంత వణికినా నడుస్తుంది. బాపు మాత్రం వీపు గోడకు ఆనించి కూర్చుంటాడు ఇప్పటికీ. జొన్నల ముసలామె ఒకరోజు అడిగింది, ఎందుకు అంతలా ఆనుకుంటావు, కుర్చీ జర ముందుకు జరుపుకో అని. ఆయన జరపలేదు.

అవ్వను తిరిగి పంపమని అక్కను అడగడం ఇంకా కష్టం.

"తమ్మీ, నువ్వొస్తవు, కొలుస్తవు, రాస్కుంటవు. మంచిదే," అంది. "ఇప్పుడు దాన్ని లేపాలంటె ఇద్దరు గావాలె. ఆడ బాపొక్కడు, నువ్వేమో పొద్దుగాల పోతె పొద్దుమీకి వస్తవు. ఎవరు లేపుతరు?"

ఇది కూడా లెక్కే. నేను వేయనిది. సరిగ్గానే ఉంది.

అక్క ఇంట్లో అవ్వ గది బాగుంటుంది. తూర్పు కిటికీ, టైల్స్, ఫ్యాను. కిటికీలోంచి కనిపించేవి: ఖాళీ ప్లాట్లు, హద్దు రాళ్లు, దూరంగా గండిపేట దిక్కు పోయే కార్లు. వినిపించేవి: ఏమీ లేవు. కాలేజీ మొయినాబాద్ దాటాకే కాబట్టి రోజూ సాయంత్రం దిగి ఒక గంట కూర్చుంటాను. చేవెళ్లలో ఆ రోజు ఎవరు ఏ పిండి పట్టించారో బాపును ఫోన్‌లో అడిగి వచ్చి చెబుతాను. జొన్నలు ఇంత, గోధుమలు ఇంత, ముసలామె ఇలా అంది అని. మొదట్లో వినేది. తర్వాత తర్వాత కళ్లు మూసుకునేది. ఒకసారి గిర్ని చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి తీసుకుపోయి వినిపించాను. సగంలో మొహం గోడవైపు తిప్పుకుంది. అది చిన్న స్పీకరు. ఏ గింజలు పడుతున్నాయో దాంట్లో తెలియదు.

ఆరో వారం కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, తెల్లబడి ఉంది. రోజూ కాసేపు వేళ్లు కదిలించాలని చెప్పారు. అక్క స్పాంజి బంతి కొంది. బంతిని అవ్వ పట్టుకోలేదు.

ఆ సాయంత్రం వేళ్లు కదిలించడానికి ఇంకేమీ తోచక పాత ప్రశ్ననే ఎత్తుకున్నాను. ఫోన్ తీసి మంచం మీద పెట్టి యాప్ తెరిచాను. నోటుబుక్కు తీశాను. ఆఖరి గీత దసరా ముందు రోజుది, ఒకటి అని ఉంది.

"అవ్వా, ఎంతున్నది?"

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఈడ ఏమున్నదిరా ఊగనీకి," అంది.

అవ్వ ఫోన్ వైపు చూసింది, తర్వాత నావైపు. చెయ్యి దుప్పటి మీంచి లేవడానికి చాలాసేపు పట్టింది. వేళ్లు ఒక్కొక్కటిగా విప్పింది. బొటనవేలు చివర. అది వంగి ఉంది. సగం అనుకున్నాను. ఆమె ఆగలేదు, దాన్ని పూర్తిగా చాపేదాకా చెయ్యి దించలేదు.

తేదీ వేసి రాసుకున్నాను. ఫోన్‌లో రీడింగ్ సున్నా. వేళ్లు ఐదు.